చాక్లెట్‌లో పసుపు నీళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంటి గడప పక్కన ఎప్పుడూ ఒక ఇత్తడి చెంబు ఉండేది. దాన్నిండా పసుపు నీళ్ళు. బయటి నుంచి ఏ వస్తువు వచ్చినా మా నాయనమ్మ ఆ నీళ్ళలో వేళ్ళు ముంచి మూడుసార్లు చిలకరించాకే లోపలికి రానిచ్చేది. కూరగాయలని లేదు, కొత్త బట్టలని లేదు, సూర్యాపేట చుట్టాలు పంపిన మిఠాయిలని లేదు, అన్నిటికీ ఒకటే మర్యాద. మా నాన్న ముచ్చటపడి రేడియో కొనుక్కొస్తే దానికీ ఆ స్నానం తప్పలేదు. పాపం, అది రెండు రోజులు గొంతు విప్పలేదు. బజారులో వడ్ల వ్యాపారిగా మా నాన్న మాటకు విలువ ఉండేదేమో గాని, గడప దాటి లోపలికొస్తే నాయనమ్మ మాటే శాసనం.

మాది మిర్యాలగూడ. సాగర్ కాలువ నీళ్ళు కొత్తగా పొలాలకు పారుతున్న రోజులవి. ఊళ్ళో ఎటు చూసినా వడ్ల బస్తాలు, మిల్లుల ఊక దుమ్ము. మా ముందు గదిలో ఒక టీచరమ్మ కిరాయికి ఉండేది. ఆమెది కోదాడ. ఆడపిల్లల బడిలో గృహవిజ్ఞానం అని వంటా కుట్టూ నేర్పే క్లాసు కొత్తగా పెట్టి, ఆమెను ఒక్క ఏడాదికని తీసుకున్నారు. తండ్రి లేడు. కోదాడలో తల్లి, చదువుకునే ఇద్దరు తమ్ముళ్ళు ఆమె జీతం మీదే బతుకుతున్నారు. ఈ సంగతులన్నీ ఆమె నాకు జడ వేస్తూ చెప్పేది. మా ఇంట్లో నన్ను అందరూ 'ఏందే' అనేవాళ్ళే. 'ఏమ్మా' అని పిలిచింది ఆమె ఒక్కతే. ఆ ఒక్క పిలుపు కోసం నేను రోజంతా ఆమె గది ముందే తచ్చాడేదాన్ని. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.

ఆ చలికాలంలో ఒక కబురు వచ్చింది. నల్లగొండ నుంచి ఇన్‌స్పెక్టరమ్మ సోమవారం బడికి వస్తుందనీ, ఈ కొత్త క్లాసు చూసి, వచ్చే ఏడాది ఉంచాలో తీసెయ్యాలో రాసి వెళ్తుందనీ. సకినాలూ అరిసెలూ ముందు పెడితే ఆవిడ ముఖం కూడా తిప్పదని పెద్ద టీచరమ్మ ముందే హెచ్చరించిందట. ఎవరింట్లోనూ లేనిది ఏదైనా చెయ్యాలి. మా టీచరమ్మ హైదరాబాదులో శిక్షణ పొందినప్పుడు ఒక వంటకం నేర్చుకుంది. జీడిపప్పునీ బాదంపప్పునీ పల్లీలనీ వేయించి, కరిగించిన చాక్లెట్‌లో ముంచి ఆరబెట్టడం. ఆమె స్నేహితురాలు కోఠిలో కొని బస్సులో పంపిన చాక్లెట్ పలక ఒకటి వచ్చింది. వెండి కాగితం చుట్టి, చిన్న ఇటుకంత ఉంది. మిర్యాలగూడ మొత్తం వెతికినా అలాంటిది ఇంకొకటి దొరకదు. చెడితే అంతే సంగతులు.

ఆదివారం మధ్యాహ్నం ఆ పని పెట్టుకుంది. ఆమె స్టవ్వులో కిరసనాయిలు అయిపోయింది. మా వెనక వసారాలో బొగ్గుల కుంపటి వాడుకోమని మా అమ్మ అంది. ఆ మాట నాయనమ్మ చెవిన పడింది. అప్పుడే ఆమె, అమ్మ పక్క బజారులో ఎవరింట్లోనో వ్రతానికి బయల్దేరుతున్నారు. నాయనమ్మ గడప దాటుతూ ఆగి, నా వైపు తిరిగింది.

"గా నల్ల ముద్దల గుడ్డు కలుపుతరంట. నేనొచ్చేసరికి నీళ్ళు సల్లకుండ గది ఇంట్ల ఉన్నదో, దాంతోని పాటు పంతులమ్మ పెట్టె గూడ బజార్ల పడేస్త. సూడు మరి."

వేరే వాళ్ళ నాయనమ్మలు ఇలాంటి మాట అంటే పిల్లలు నవ్వి ఊరుకునేవారేమో. నేను ఊరుకోలేను. అంతకు ముందు ఏడాది అదే గదిలో ఉన్న దవాఖాన కంపౌండరు ఒకనాడు గుడ్డు ఉడకబెట్టుకున్నాడని తెలిసి, అతని పరుపునూ పెట్టెనూ తెల్లారేసరికి అరుగు మీదికి చేర్పించిన మనిషి ఆమె. అతను బతిమాలుతుంటే తలుపు సందులోంచి నేను చూశాను. అందుకే ఆ మాట నాకు ఉత్తి బెదిరింపులా అనిపించలేదు.

టీచరమ్మ మాత్రం ఇవేవీ వినలేదు. ఆమె లోకం ఆమెది. పప్పులన్నీ ముందే దోరగా వేయించి, పొట్టు నలిపి, పళ్ళెంలో ఆరబోసింది. కుంపటి మీద నీళ్ళ గిన్నె పెట్టి, దాని మూతి మీద ఇంకో గిన్నె బిగుతుగా కూర్చోబెట్టి, పై గిన్నెలో చాక్లెట్ తరుగు వేసింది. కింది నీళ్ళ వేడికి పై గిన్నెలోది నెమ్మదిగా కరగాలట. గిన్నెనూ గరిటెనూ రెండేసి సార్లు పొడిగుడ్డతో తుడిచింది. నా చేతులు కూడా తన కొంగుతో ఒత్తింది.

"దీనికి తడి తగలకూడదమ్మా. జాగ్రత్త," అంది.

నేను బుద్ధిగా తల ఊపాను. చూస్తుండగానే ఆ తరుగు అంచుల నుంచి కరిగి, నల్లగా నున్నగా, కాగిన నెయ్యిలా గరిటె మీంచి జారడం మొదలుపెట్టింది. ఆ వాసన నేను అంతకు ముందు ఎరగను. ఆమె ముఖం వెలిగిపోయింది. గిన్నెను దించి నేల మీద పెట్టి, పప్పులు ఆరబెట్టడానికి నూనె కాగితం తెస్తానని తన గదికి వెళ్ళింది.

వసారాలో నేనూ ఆ గిన్నె మిగిలాం. పక్క బజారులో వ్రతం గంట మోగింది. కథ అయిపోయిందంటే ప్రసాదం పంచడమే తరువాయి, నాయనమ్మ వచ్చేస్తుంది. ఇంకా ఎవరూ నీళ్ళు చల్లలేదు. టీచరమ్మకు చల్లమని చెబుదామంటే, ఎందుకని అడుగుతుంది. నాయనమ్మ అన్న మాట ఆమెకు ఏ నోటితో చెప్పను? తడి తగలకూడదన్న మాట నాకు గుర్తుంది. కానీ తడి అంటే గరిటె తడి, చేతి తడి. పసుపు నీళ్ళు దేవుడివి, వాటితో దేనికైనా చెడు ఎలా జరుగుతుంది? తొమ్మిదేళ్ళ బుద్ధికి అది చాలా పెద్ద న్యాయంలా తోచింది. పరుగున వెళ్ళి చెంబు తెచ్చాను. వేళ్ళు ముంచి, కళ్ళు మూసుకుని, గోవిందా అనుకుంటూ మూడుసార్లు చిలకరించాను. నాయనమ్మలా కొసవేళ్ళతో విదిలించడం నాకు చేతకాలేదు. నీళ్ళు కాస్త ఎక్కువే పడ్డాయి. చెంబు మళ్ళీ గడప దగ్గర పెట్టి వచ్చి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. గండం గడిచిందని గుండెల మీద చెయ్యి కూడా వేసుకున్నాను.

టీచరమ్మ వచ్చి కాగితం పరిచి, గరిటె పెట్టి ఒక్కసారి కలిపింది. చెయ్యి ఆగింది. మళ్ళీ కలిపింది. అంతసేపూ జారుతూ ఉన్నది బిగుసుకుంది. నాలుగు తిప్పులు తిప్పేసరికి మెరుపంతా పోయి, తడిసిన రేగడి మట్టిలా గరుగ్గరుగ్గా ముద్దకట్టింది. ఒక జీడిపప్పు అందులో పెట్టి చూసింది. అది అంటుకోలేదు, పొడిపొడిగా రాలింది. ఆమె గిన్నెను మళ్ళీ వేడి నీళ్ళ మీద పెట్టింది, ఇంకా బిగిసింది.

"సెగ ఎక్కువైపోయిందా? నేనే మాడ్చేశానా?" అని తనలో తనే అనుకుంది. తర్వాత నా వైపు చూసి, "నేను లేనప్పుడు ఏమైనా పడిందామ్మా ఇందులో?" అని అడిగింది.

లేదని తల అడ్డంగా ఊపాను. నా జీవితంలో చాలా అబద్ధాలు ఆడి ఉంటాను, అవేవీ గుర్తులేవు. ఆ తల ఊపడం గుర్తుంది. చెప్పేస్తే ఆమె నన్ను ఇంకెప్పుడూ 'ఏమ్మా' అనదు. చెప్పకపోతే ఆమె తప్పు చేసినట్టు ఆమే నమ్ముతుంది. రెండూ నాకు తెలుస్తూనే ఉన్నాయి, అయినా పళ్ళెంలో పప్పులు లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాను.

ఆమె ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ముఖం కడుక్కుని, గదిలోకి వెళ్ళి కాగితం తీసుకుని నాలుగు ముక్కలు రాసింది. రేపు చూపించడానికి తన దగ్గర ఏమీ లేదనీ, ఇన్‌స్పెక్టరమ్మకు ఆ సంగతి ముందే చెప్పమనీ పెద్ద టీచరమ్మకు ఉత్తరం. దాన్ని మడిచి నా చేతిలో పెట్టి, బజారు చివర వాళ్ళింట్లో ఇచ్చి రమ్మంది. నేను కదలకుండా నిలబడితే, "వెళ్ళమ్మా, ఆలస్యం చేస్తే వాళ్ళకీ ఇబ్బంది," అని, మంచం కింది నుంచి ట్రంకుపెట్టె లాగి చీరలు సర్దడం మొదలుపెట్టింది. ఎలాగూ ఏడాది చివర పంపేస్తారు, తీసుకెళ్ళేవి ఇప్పుడే వేరు చేసుకుంటే మేలని ఆమె నాతో కాదు, ఆ పెట్టెతో చెప్పుకుంది.

ఆ ఉత్తరం పట్టుకుని గడప దాకా వచ్చాను. అడుగు పడలేదు. ఇది ఇస్తే ఆమె కోదాడ వెళ్ళిపోతుంది. ఇవ్వకపోతే రేపు అందరి ముందు ఖాళీ చేతులతో నిలబడుతుంది. కాగితాన్ని అటూ ఇటూ మడుస్తూ, విప్పుతూ, చెమటలు కక్కుతూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. తల ఎత్తేసరికి ఎదురుగా నాయనమ్మ. అమ్మ ఇంకా వ్రతం ఇంట్లోనే ఉండిపోయిందట, ఈమె ఒక్కతే వచ్చేసింది.

"చేతుల ఏందే అది?"

చూపించాను. మా నాయనమ్మకు చదువు రాదు. కానీ ఆ తెల్ల కాగితం మీద అక్షరాల కంటే ముందు ఆమెకు కనబడ్డవి నా వేలిముద్రలు. పచ్చగా, పసుపు పచ్చగా, మూడు నాలుగు చోట్ల. ఆమె వంగి నా చెయ్యి పట్టుకుని చూసింది. గడప నుంచి వసారా దాకా నేల మీద పడిన పసుపు చుక్కల వెంట చూపు పోనిచ్చింది. వసారాలోకి వెళ్ళి గిన్నెలోకి తొంగి చూసి, మళ్ళీ నా దగ్గరికి వచ్చింది. నేను దెబ్బకు సిద్ధంగా భుజాలు ముడుచుకున్నాను.

"ఎన్నిసార్లు సల్లినవ్?" గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"మూడుసార్లు."

"ఎందుకు సల్లినవే?"

"నువ్వే అన్నవ్ గద. సల్లకపోతే టీచరమ్మ పెట్టె బజార్ల పడేస్తనని."

అప్పుడు ఆమె చేసిన పని నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. గడప మీద ఎవరు కాలు పెట్టినా తిట్టిపోసే మా నాయనమ్మ, ఆ గడప మీదే చతికిలబడింది. టీచరమ్మ గదిలోంచి పెట్టె మూత చప్పుడు వినిపిస్తోంది. ఆమె నా వైపు చూడలేదు, బజారు వైపూ చూడలేదు. ఒళ్ళో పెట్టుకున్న తన రెండు చేతులనే చూసుకుంటూ కూర్చుంది. నన్ను కొట్టి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు. తర్వాత లేచి, నా చెయ్యి పట్టుకుని, తానెప్పుడూ అడుగు పెట్టని ఆ ముందు గదిలోకి నన్ను తీసుకుని వెళ్ళింది.

టీచరమ్మ గబుక్కున లేచి నిలబడింది. "మామ్మగారూ, కుంపటి వాడినందుకు..." అని ఏదో అనబోయింది.

"కుంపటి సంగతి ఇడిసిపెట్టు బిడ్డా," అంది నాయనమ్మ. "నీ గిన్నెల పసుపు నీళ్ళు పడ్డయి. సల్లింది దీని చెయ్యి. సల్లించింది నా నోరు. పసిదాన్ని బెదిరిచ్చిన, అది భయపడి చేసింది. తప్పు దానిది గాదు, నాది."

టీచరమ్మ నా వైపు చూసింది. అంతే, నా లోపల ఇరుక్కున్నదంతా ఒక్కసారిగా ఏడుపై బయటికొచ్చింది. అబద్ధం చెప్పానని ఆమెకు ఆ ఏడుపులోనే చెప్పుకున్నాను. ఆమె నన్ను దగ్గరికి లాక్కుంది. ఆ క్షణాన ఆమెకు కోపం రాలేదని నేను చెప్పను.

నాయనమ్మకు ఓదార్చడం రాదు. ఆమెకు వచ్చింది పాకం పట్టడం. మిర్యాలగూడలో ఎవరింట్లో పెళ్ళయినా పాకం దగ్గర కూర్చునేది ఆమే. గిన్నె ముందుకు తెప్పించుకుంది. ఇందులో గుడ్డు ఉందా అని అడిగింది. లేదు, ఒక చెట్టు గింజల పొడి, ఆ గింజల కొవ్వే, చక్కెర అని టీచరమ్మ చెప్పింది. పాకం ముదిరి గడ్డకడితే మేం ఇన్ని నీళ్ళు పోసి మళ్ళీ కాస్తామనీ, దీనికి కొద్ది తడే చేటు తెచ్చినట్టుంది, ఇంకొంచెం పోస్తే దారికొస్తుందేమో అనీ నాయనమ్మ అంది. పుస్తకంలో తడి అసలే వద్దని రాసి ఉందని టీచరమ్మ భయపడింది.

"చెడ్డదాన్ని ఇంకేం చెడగొడ్తం? పాలు కాచుకరా," అంది నాయనమ్మ.

మరిగిన పాలు ఒక్కొక్క చెంచా పోస్తూ, గరిటె తను తిప్పింది. బజారులో పడేస్తానన్న గిన్నెను తన చేత్తో తాకింది. మొదటి రెండు చెంచాలకు అది ఇంకా వికారంగా విరిగినట్టయింది, టీచరమ్మ కళ్ళు మూసుకుంది. మూడో చెంచాకు కొద్దిగా సడలింది. కాస్త వెన్న వేసి మళ్ళీ తిప్పింది. ఆ గిన్నె మీద ముగ్గురం ఊపిరి బిగబట్టి వంగి ఉన్నాం. ఉన్నట్టుండి గరిటె కింద ఒక మెరుపు కనబడింది. అది అలా అలా పెరిగి, ముద్దంతా నునుపుగా తిరిగి వచ్చింది.

కానీ అది ఇక పగిలేటట్టు గట్టిపడదు, పాలు కలిశాయి కదా. మెత్తగానే ఉండిపోతుంది. చల్లారాక ఒక్కో పప్పు చుట్టూ ఆ ముద్దను అరచేతిలో ఉండలా చుట్టి, వేయించిన పల్లీల పొడిలో దొర్లించాం. చీకటి పడేసరికి పెద్ద పళ్ళెం నిండింది. ఒక్కటి కూడా నాయనమ్మ నోట పెట్టుకోలేదు. అంతా అయ్యాక, ఆ చలిలో బావి దగ్గర తలస్నానం చేసి గాని వంటింట్లోకి వెళ్ళలేదు. మడి మడే.

మర్నాడు బడిలో ఇన్‌స్పెక్టరమ్మ ఒకటి తీసుకుని కొరికి, చాక్లెట్ పూత గట్టిగా ఉండాలి గదా, ఇది ఇలా ఎందుకుందని అడిగింది. నేను పిల్లల వరసలో గోళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాను. టీచరమ్మ దాచలేదు. తడి తగిలి చెడిందనీ, చెడ్డదాన్ని వేడి పాలతో ఎలా నిలబెట్టామో కూడా చెప్పింది. ఆవిడ చాలాసేపు ఏదో రాసుకుంది. నవ్వలేదు, మెచ్చుకోలేదు. పోతూ పోతూ మాత్రం ఇంకో రెండు కాగితంలో చుట్టించుకుంది. వేసవి సెలవుల ముందు క్లాసు కొనసాగుతుందని ఉత్తరం వచ్చేదాకా మా ఇంట్లో ఎవరం ఆ మాట ఎత్తలేదు. టీచరమ్మ మా ముందు గదిలో ఇంకో ఐదేళ్ళు ఉంది. నన్ను 'ఏమ్మా' అనడం మానలేదు.

నాయనమ్మ మారిపోయిందని రాస్తే అది అబద్ధం. పోయేదాకా నీళ్ళు చల్లుతూనే ఉంది. కాకపోతే టీచరమ్మ ఏదైనా తెస్తే, చెంబులో చెయ్యి పెట్టే ముందు, దీనికి తడి తగలొచ్చా అని అడిగేది. పిల్లలను బెదిరించడం మాత్రం ఆ రోజుతో ఖతం.

తర్వాత నాకూ పిల్లలు పుట్టారు. మా చిన్నవాడు ఏడో తరగతిలో ఉండగా ప్రోగ్రెస్ కార్డు మీద వాళ్ళ నాన్న సంతకం తనే గీసుకుని బడిలో ఇచ్చాడు. దొరికిపోయాడు. కొట్టడానికి చెయ్యి ఎత్తాను. వాడు భుజాలు ముడుచుకున్న తీరు చూసి ఆ చెయ్యి దిగిపోయింది. అంతకు వారం ముందు, ఈసారి మార్కులు తగ్గితే ఇంటికి రావొద్దని వాడితో అన్నది నేనే. సంతకం పెట్టింది వాడి చెయ్యి, పెట్టించింది నా మాట. ఆ సంగతి నాకు ఆ నిమిషంలోనే తెలిసిపోయింది. కానీ వాడిని కూర్చోబెట్టుకుని, తప్పు నాదిరా అని నోరు తెరిచి అనడానికి నాకు రెండు రోజులు పట్టింది. చదువురాని మా నాయనమ్మకు ఒక్క పూట కూడా పట్టలేదు.